మూత తెరవని క్యారియర్

అనంతపురం జిల్లాలో తిరిగొచ్చానని చెబితే మా తెనాలిలో అందరూ ఒకటే అడిగారు, అక్కడ చూడ్డానికి ఏముందని. గుళ్లూ కోటలూ ఉన్నాయట. నేను ఒక్కటీ చూడలేదు. నేను చూసి వచ్చింది ఒక స్టీలు టిఫిన్ క్యారియర్. దాని సంగతి చెప్పాలంటే ముందు నేను ఎందుకు వెళ్లానో చెప్పాలి.

కుదురుగా ఒకచోట కూర్చునే గుణం నాకు లేదు. కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావని మా అమ్మ విసుక్కునేది. అలాంటిదాన్ని ఆ ఎండాకాలమంతా కుర్చీకి అతుక్కుని ఒక చిన్న పుస్తకం తెలుగు చేశాను. మనిషికి ఉండాల్సిన హక్కుల గురించి ప్రపంచ దేశాలు కలిసి రాసుకున్న ఒడంబడికల సారం అందులో ఉంది. వాటికి మన దేశం కూడా ఒప్పుకుని సంతకం పెట్టింది. పల్లెల్లో పంచడానికి తేలిక తెలుగులో కావాలని అనంతపురంలో ఒక హక్కుల సంఘం వాళ్లు అడిగారు. అచ్చుకు ఇచ్చే ముందు కొన్ని ఊళ్లలో చదివి వినిపించి, జనానికి పట్టని మాటలు మార్చుకుందాం రమ్మన్నారు. కుర్చీ దిగడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదని ఆ వారమే బయలుదేరాను.

బుక్కరాయసముద్రం

అనంతపురంలో నన్ను దింపుకున్న మనిషి ఓబులేసు. సంఘం తరఫున పల్లెలు తిరుగుతాడు. అంతకుముందు వేరుశనగ మిల్లులో పనిచేశాడట. నాకంటే పెద్దవాడే అయినా "మేడమ్" అనడం మానలేదు. వచ్చీ రాగానే నన్ను ఒక చిన్న హోటలుకి తీసుకెళ్లి ఉగ్గాని పెట్టించాడు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, పప్పుల పొడి కలిపి తిరగమోత పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. మా వైపు బొరుగులంటే సాయంత్రం కాలక్షేపానికి నమిలేవి, ఇక్కడ అవే పొద్దుటి టిఫిను. ప్లేటు ఐదు రూపాయలు. రెండోది కూడా అడిగి తిన్నాను.

బుక్కరాయసముద్రం టౌనుకు ఆనుకునే ఉంది. చెరువు చాలా పెద్దది. నీళ్లు మాత్రం మధ్యలో ఒక మడుగంత ఉన్నాయి, మిగతా చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బడి వరండాలో ఆడవాళ్లు కూర్చుంటే నేను నిలబడి చదివాను. కూర్చుని చదవమని ఓబులేసు కుర్చీ జరిపాడు కానీ నా వల్ల కాలేదు.

చిత్రహింస కూడదన్న చోట తలలూపారు. పనికి తగిన కూలి అన్న చోట గట్టిగా నవ్వారు. "చట్టం ముందు ప్రతి మనిషినీ మనిషిగానే లెక్కపెట్టాలి" అన్న వాక్యం దగ్గర ఒక పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

"మనిషిని మనిషి అనేదానికి గూడా సంతకాలు పెట్టుకున్నారా?"

"అవునమ్మా."

"ఏంటికి? లేకుంటే గొడ్డు అనుకుంటారా?"

వరండా అంతా గొల్లుమంది. వెనక నుంచి ఇంకొకామె అడిగింది, "మన పక్కనుంచి సంతకం ఎవరు పెట్టినారు?"

"ప్రభుత్వం."

"మనల్ని అడిగినారా?"

"లేదు."

"పోనీలే, మంచిదానికే పెట్టినారు గదా," అని ఆమె సర్దుకుంది. ఆ తర్వాత మాట రేషన్ కార్డుల మీదికి పోయింది, మళ్లీ నా పుస్తకానికి రాలేదు.

నేను ఆ వాక్యం చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాను. అందరికీ తెలిసిన సంగతి, నవ్వులపాలు కావడం తప్ప ఉపయోగం లేదు, అచ్చులో తీసేద్దాం అనుకున్నాను.

కదిరి దారిలో

మర్నాడు నల్లమాడ వైపు ప్రయాణం. కిటికీలోంచి ఎర్రటి నేల, గుండ్రాళ్ల గుట్టలు, చేలల్లో జానెడు కూడా లేవని వేరుశనగ. మా కాలవల దేశంలో నీళ్లు ఒక వారం ఆలస్యమైతే ధర్నాలు చేస్తాం. ఇక్కడ వాన రాకపోవడం గురించి ఎవరూ మాట్లాడటమే లేదు. అదే నాకు ఎక్కువ గాబరాగా అనిపించింది.

పక్క సీటులో ముసలాయన నా ఊరు అడిగాడు, పేరు అడిగాడు. మేం వెళ్తున్న ఊరి పేరు వినగానే, "ఆడ మీరు ఎవరి పక్క?" అన్నాడు.

"ఎవరి పక్కా కాదండీ."

"అట్లెట్ల ఉంటారు? ఎవరో ఒకరి పక్క ఉండల్ల గదా," అని నా మీద నమ్మకం పోయినట్టు కళ్లు మూసుకున్నాడు.

కదిరిలో బస్సు మారేటప్పుడు ఓబులేసు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. ఊళ్లో తూర్పు వీధి ఒక వర్గం, పడమటి వీధి ఒక వర్గం. అక్కడ మా కోసం ఆడవాళ్లను పోగుచేస్తానన్న రత్నమ్మ తూర్పు వీధి మనిషి. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఆ వీధే. ఆమె భర్త శ్రీరాములు జీపు డ్రైవరు. జీపు మాత్రం తూర్పు వీధి పెద్దాయనది. చిలమత్తూరులో ఉన్న రత్నమ్మ అక్క ఇంటికి వెళ్లి మొగుడూ పెళ్లాం తిరిగొస్తుంటే, జీపులో పెద్దాయన ఉన్నాడనుకుని పడమటి వీధి వాళ్లు దారికాచి అడ్డగించారు. పెద్దాయన లేడు. శ్రీరాములు స్టీరింగు మీదే ప్రాణం వదిలాడు. వెనక సీట్లో ఉన్న రత్నమ్మ అంతా చూసింది. తర్వాత కొన్నాళ్లకు తూర్పు వీధి వాళ్లు పడమటి వీధిలో ఒకణ్ణి చంపారు. రెండు కేసులూ కోర్టుల్లో ఉన్నాయి.

"ఇప్పుడు రాజీ అయినారు మేడమ్," అన్నాడు ఓబులేసు.

"హత్య కేసులో రాజీ ఏమిటి? చట్టం ఒప్పుకోదే."

"చట్టాన్ని ఎవరు అడిగినారు? ఈ కేసులో ఈ పక్క సాక్షులు మాకు తెల్దంటారు. ఆ కేసులో ఆ పక్కోళ్లు అదే మాటంటారు. ఇద్దరు పోయినారు, సరికి సరి."

"రత్నమ్మ ఒప్పుకుందా?"

"ఆయమ్మను అడిగినోడు ఎవడు? రేపు హిందూపురం కోర్టులో ఆయమ్మ సాక్ష్యం. ఏం చెప్తాదో ఎవరికీ తెల్దు."

నల్లమాడ దాకా నేను సీటు అంచునే కూర్చున్నాను. చేతిలో ఉన్న పుస్తకంలో న్యాయవిచారణ గురించి రెండు పేజీలున్నాయి. వాటిని ఆ బస్సులో మళ్లీ చదువుకుంటే ఎవరో నన్ను ఆటపట్టించడానికి రాసినట్టున్నాయి.

రెండు టీ అంగళ్లు

నల్లమాడ దాటాక, ఆ ఊళ్లో బస్సు ఆగే చోట రోడ్డుకు అటొకటి ఇటొకటి రెండు టీ అంగళ్లున్నాయి. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఓబులేసు బస్సు మీద నుంచి మా సామాను దించుకుంటున్నాడు. నేను ఆగలేక ఎడంపక్క అంగట్లోకి దూరి టీ తీసుకున్నాను. సగం తాగేసరికి ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు.

"ఈడ తాగినారా? ఇది పడమటోళ్లది మేడమ్."

మా ఊళ్లో టీకొట్టు అంటే టీ దొరికే చోటు, అంతే. ఇక్కడ గ్లాసు పట్టుకుంటే పక్షం పట్టినట్టు. సరే, తప్పు సరిదిద్దుకుందామని తిన్నగా రోడ్డు దాటి ఎదుటి అంగట్లో ఇంకో టీ తాగాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఓబులేసు నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక పక్క తాగింటే ఒకరికే శత్రువు అయ్యుంటిరి. ఇప్పుడు రెండు పక్కలా తాగిరి. మిమ్మల్ని ఇంగ ఎవరూ నమ్మరు."

అన్నట్టే అయింది. మీటింగుకు ఒక్కరూ రాలేదు. మేం తూర్పు వీధిలో నడుస్తుంటే మా ముందే తలుపులు దగ్గరపడ్డాయి. నా ఆత్రానికి నన్ను నేనే తిట్టుకుంటూ వీధి చివర రత్నమ్మ ఇంటికి చేరాను. గుమ్మంలో ఆమె తండ్రి గంగప్ప అడ్డంగా నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, తలకు తువ్వాలు.

"మీరు ఆ పక్క టీ తాగినారంట గదా," అన్నాడు, లోపలికి రమ్మనకుండానే.

"ఈ పక్క కూడా తాగానండీ."

లోపలి నుంచి నవ్వు వినిపించింది. ముప్పై దాటని ఆడమనిషి చెంబుతో నీళ్లు తెచ్చింది. "రెండు పక్కలా తాగినోళ్లను ఇంతవరకు చూడలేదు. రా అక్కా, ఈడ గూడా తాగు. టీ లేదు, నీళ్లే."

ఆమే రత్నమ్మ.

వాకిట్లో క్యారియర్

నీళ్లు తాగుతుంటే కనిపించింది. వాకిట్లో, వీధిలో పోయే అందరికీ కనబడేలా, ఎత్తు పీట మీద నాలుగు గిన్నెల క్యారియర్. మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. చీమలు పట్టకుండా పీట కోళ్లకింద నీళ్ల పళ్లేలు.

ముందురోజు ఊళ్లో రాజీ భోజనం జరిగిందట. రెండు వర్గాల బియ్యమూ ఒకే గుండిగలో పోసి వండుతారు. కూర కూడా ఒక్కటే. అందరూ ఒకే పందిట్లో కూర్చుంటారు. కాగితాలూ ముద్రలూ ఏమీ ఉండవు. ఆ అన్నం తిన్నవాడు రాజీకి ఒప్పుకున్నట్టే. పందిటికి రాని వాళ్ల ఇంటికి క్యారియర్ పంపుతారు. ఖాళీ చేసి కడిగి తిరిగి ఇస్తే వాళ్లూ ఒప్పుకున్నట్టు. రత్నమ్మ పందిటికి పోలేదు. సొంత వర్గం పెద్దాయనే ఈ క్యారియర్ పంపాడు.

"నిన్నటినుంచి పొయ్యి ముట్టించలేదు అక్కా," అంది రత్నమ్మ. "పొగ వస్తే చాలు, కూర వేడి చేసుకొని తినిందంటారు. పక్కింట్లో ముద్ద తిన్నా ఇదే తినిందంటారు. నీళ్లు తాగి ఉండాను."

గంగప్ప గోడకు చేరగిలపడి అన్నాడు, "ఇంటికి ఒకరు తింటే చాలన్నారు. నేను తినేసినా. ఇంగ నువ్వు తిన్నట్లే గదమ్మా."

"నువ్వు తింటే నీ కడుపు నిండుతాది నాయనా. నాది ఎట్ల నిండుతాది?"

"వాళ్లతో పెట్టుకొని యాడ బతుకుతావు? నేను పోతే నీకు ఎవరుండారు?"

ఆ ముసలాయన్ని తప్పుపట్టడం నాకు చేతకాలేదు. కూతురు బతికుండాలని తిన్నాడు.

"ఏదో పుస్తకం తెచ్చినారంట గదా, చదువు అక్కా," అంది రత్నమ్మ మాట మార్చడానికి. నేను లేచి నిలబడి చదివాను. వినేవాళ్లు ముగ్గురు: ఆమె, తండ్రి, ముందురోజే బడి వరండాలో విన్న ఓబులేసు. పేజీ తిప్పేటప్పుడు ఆమె ఎర్ర సున్నా చూసింది.

"ఆడ గీసినావే, అదేంది?"

"ఒక వాక్యం. తీసేద్దామని."

"ఏముండాది దాంట్లో?"

చట్టం ముందు ప్రతి మనిషినీ మనిషిగానే లెక్కపెట్టాలి. చదివాను. రత్నమ్మ పీట మీది క్యారియర్ వైపు కాసేపు చూసింది.

"అది ఉండనీ అక్కా," అంది.

తర్వాత లేచి ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, క్యారియర్ చేతికి తీసుకుంది. గంగప్ప "వద్దమ్మా, ఎవరితోనన్నా పంపిద్దాం" అంటూ వెంటబడ్డాడు. ఆమె ఆగలేదు. ఎండ నడినెత్తిన ఉంది. వీధి పొడుగునా తలుపులు సందులు విడిచి చూస్తున్నాయి. క్యారియర్ బరువు ఆమె నడకలోనే తెలుస్తోంది, అంటే అందులో అన్నం అలాగే ఉందని చూసే ప్రతివాళ్లకూ తెలుస్తోంది. వెనక్కి పరుగెత్తాలనిపించింది, ముందుకూ పరుగెత్తాలనిపించింది. ఆమె పక్కనే నడిచాను.

పెద్దాయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు. రిటైరైన హెడ్మాస్టరులా ఉన్నాడు. రత్నమ్మ క్యారియర్ మెట్టు మీద పెట్టింది.

"తినలేదామ్మా?" అన్నాడాయన, చాలా మెత్తగా.

"ఆకలి లేదు పెద్దనాయనా."

ఆయన మా ఇద్దరినీ చూసి పేపరు మడిచాడు. "రాజీ చెడితే ఆ కేసులో మనోళ్లు పది మంది జైల్లో కూచోవాల్సి వస్తాది. తెలుసునా?"

"తెలుసు."

"సరే. ఆకలి ఎప్పుడైనా అయితాదిలే," అని మళ్లీ పేపరు తెరిచాడు.

అంతే జరిగింది. ఎవరూ అరవలేదు, ఎవరూ చెయ్యెత్తలేదు.

చిలమత్తూరు

ఆ సాయంత్రానికే చిలమత్తూరులో రత్నమ్మ అక్క ఇంటికి చేరాం. గంగప్ప కూడా బస్సెక్కాడు. ఎందుకొస్తున్నాడో చెప్పలేదు, వెనక సీట్లో ఒంటరిగా కూర్చున్నాడు. శ్రీరాములు చనిపోయిన చోటు ఆ దారిలోనే ఉంది. అక్కడ బస్సు ఆగదు. రత్నమ్మ కిటికీ వైపు తల తిప్పలేదు.

చిలమత్తూరు సరిహద్దు ఊరు. అంగళ్ల బోర్డుల మీద తెలుగు, కన్నడం పక్కపక్కనే ఉంటాయి. కూరగాయలమ్మే ఆమె నాతో తెలుగులో బేరమాడి, "దుడ్లు ఆ పెట్టెలో ఏసెయ్యి" అని నాకు చెప్పి, పక్కామెతో కన్నడంలో కబుర్లలో పడింది. ఏ పక్క అని నన్ను ఎవరూ అడగలేదు. రెండు భాషల మధ్య మనుషులు ఇంత సుఖంగా ఉండే జిల్లాలో, ఒకే భాష మాట్లాడే రెండు వీధుల మధ్య బతకడం ఎందుకింత కష్టమైందో నాకు అంతుపట్టలేదు.

అక్క రాగిసంగటి, ఆకుకూర పప్పు, వేరుశనగ చట్నీ చేసింది. సంగటి మా వైపు దొరకదు. ముద్దలో గుంట చేసి పప్పు పోసుకుని తినాలని నేర్పింది. నాకు సిగ్గుగా ఉన్నా ఆకలి ఆగలేదు. రత్నమ్మ మాత్రం పళ్లెం ముట్టుకోలేదు.

"ఇది నా ఇల్లు గదే, ఈడ ఎవరు చూస్తారు?" అంది అక్క.

"రేపు చెప్పినాక తింటా."

నేను ఆ చిన్న వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. రేపు ఏమవుతుంది, చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది. చివరికి అక్కే అంది, "కూచోండమ్మా, మిమ్మల్ని చూస్తే మాకు ఇంగా గాబరా అయితాంది." కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ లేచాను.

హిందూపురం

కోర్టు ఆవరణలో రెండు వర్గాల వాళ్లూ కలిసి ఒకే చోట బీడీలు కాల్చుకుంటున్నారు. రాజీ బాగా కుదిరిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రత్నమ్మను చూసి మాటలు ఆపారు. ఆమె మధ్యలోంచి నడిచి లోపలికి వెళ్లింది.

ఆమె కంటే ముందు పిలిచిన ఇద్దరు సాక్షులు తమకేమీ తెలియదన్నారు. పోలీసులు ఏం రాసుకున్నారో తెలియదన్నారు. ప్రభుత్వ వకీలు మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. రత్నమ్మ పేరు పిలిచినప్పుడు ఆయన ఫైలు సగం మూసే ఉంచాడు. ఆమె చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టింది. రెండో మాటకు ఆయన ఫైలు తెరిచాడు. ఎవరు ముందొచ్చారు, ఎవరు తలుపు లాగారు, శ్రీరాములు చివరి మాట ఏమిటి, వరసగా చెప్పింది. ముద్దాయిల్ని ఒక్కొక్కరినీ చేయి చూపించి గుర్తుపట్టింది.

అవతలి వకీలు లేచాడు. "నీ భర్త తూర్పు వీధి వర్గం మనిషి కాదా? వర్గ కక్షతోనే వీళ్ల మీద చెబుతున్నావు. అవునా, కాదా?"

"కాదు సార్."

"వాళ్ల జీపు నడిపాడు కదా?"

"జీపు వాళ్లది సార్. ఆయన వాళ్ల మనిషి కాదు, వీళ్ల మనిషి కాదు. నా మనిషి."

వకీలు ఇంకా ఏవేవో అడిగాడు. ఆమె జవాబులన్నీ అదే దారిలో ఉన్నాయి. వెనక బెంచీ మీద గంగప్ప తలకున్న తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఏడ్చానని రాయడానికి నాకు మొహమాటం లేదు.

ఇది రాస్తున్న నాటికి తీర్పు రాలేదు. రత్నమ్మ ప్రస్తుతం చిలమత్తూరులో అక్క దగ్గరే ఉంది, ఊరికి ఎప్పుడు పోతుందో తెలియదు. ఓబులేసు వారానికోసారి వెళ్లి చూసి, ఎస్టీడీ బూత్ నుంచి నాకు ఫోన్ చేస్తున్నాడు. ఫోన్ మోగిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి పరుగెడుతున్నాను. పుస్తకం అచ్చుకు పోయింది. ఎర్ర సున్నా చెరిపేసి ఆ వాక్యం ఉంచేశాను.

ఆ రోజు కోర్టు బయటికి వచ్చాక రత్నమ్మ మెట్ల మీద ఆగి ఎండకు కళ్లు చికిలించుకుంది.

"ఇప్పుడు ఆకలైతాంది అక్కా," అంది.

రోడ్డుకు అటు పక్క ఒక భోజన హోటలుంది. అందులోకి దారితీసే ముందు అలవాటుగా ఓబులేసు వైపు చూశాను, ఇది ఎవరిదని. ఆయన భుజాలెగరేశాడు. అరిటాకులు పరిచారు, అన్నం వేడివేడిగా వచ్చింది. గంగప్ప గుమ్మం దగ్గర స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు.

"రా నాయనా."

"నాకొద్దమ్మా. మొన్న తిన్నదే ఇంగా అరగల్యా."

"అది వాళ్లు పెట్టినారు. ఇది నేను పెడతాండా. రా."

ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. పప్పు కలుపుకుని, ముద్ద చేత్తో పట్టుకుని చాలాసేపు ఉండి, చివరికి నోట్లో పెట్టుకున్నాడు. రత్నమ్మ తింటోంది. ఆకలి తీరా అంత శ్రద్ధగా తినే మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

వడ్డించేవాడు అన్నం బేసిన్ తెచ్చి, ఊరికే పలకరింపుగా, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

గంగప్ప చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. ఓబులేసు తలెత్తాడు. నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

రత్నమ్మ ఊరి పేరు చెప్పింది. నాలుగు బల్లల అవతలికి వినబడేంత గట్టిగా చెప్పి, ఆకు ముందుకు జరిపింది.

"ఇంగొంచెం అన్నం ఏయప్పా."